తూలిన నడక

కవిగారికి,

కాంటర్‌బరీ తీర్థయాత్రలో మీ వెంట నడిచిన పిండిమర గిబ్‌కు నేను చెల్లెల్ని. తోటి యాత్రికుల మీద మీరు కట్టిన పద్యాలు మా ఊరి సత్రంలో చదివారు. అన్న తాగి తూలుతూ నడిచాడన్న చోట అందరూ పగలబడి నవ్వారు.

"నీ బిడ్డ మన పిండిమర కాలవలో పడి చనిపోయిననాడు, ఇక తాగనని ఒట్టేశావు కదన్నా" అని నిలదీశాను.

"నవ్వుకోనీవే" అన్నాడంతే. ఆనాటి నుంచి అన్నతో మాట్లాడలేదు.

మొన్న అన్న పోయాడు. యాత్రకు తొడిగిన బూట్లు దులిపితే ఎండు బఠాణీలు రాలాయి. పాపపరిహారానికి అలా అరికాళ్లకు గుచ్చుకునేలా బూట్లలో పోసుకుని నడిచేవాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదట. పాదిరిగారన్నారు.

పద్యం దిద్దమని అడగను. మీరు నాలుగు రోజులు చూసి పొరబడ్డారు. నేను నలభై ఏళ్లు చూసినదాన్ని.