మలుపు దగ్గర తొమ్మిది రాళ్ళు

ప్రియమైన తమ్ముడికి,
ఇక్కడంతా కులాసా. కొండమీదికి బస్సు రోడ్డు పడ్డాక పాత కాలిబాటలో మేకలు కూడా నడవడం లేదు. అయినా మా ఇంటి తలుపు కనబడే చివరి మలుపు దగ్గర రాళ్ళ కుప్ప పెరుగుతోంది. కొండెక్కినవాళ్ళు అక్కడో రాయి వెయ్యడం మనవాళ్ళ అలవాటు కదా! పోయిన నెలలో తొమ్మిది కొత్త రాళ్ళు పడ్డాయి. ఊళ్ళోకి మాత్రం ఒక్కడూ రాలేదు. అంతదూరం ఎక్కి, మా ఇంటి తలుపు చూసి వెనక్కి పోయేవాడు ఎవడురా? దొంగా? నీ కొత్త వేషమా? ఒట్టేసి చెప్పు.
మీ అక్క

పోలీసు అక్కయ్యగారికి,
బావ గురక తప్ప మీ ఇంట్లో దొంగకేం దొరుకుతుంది? బావ కాలు విరిగిందని నేను దొంగ ఉత్తరం పుట్టించడం, నువ్వు నా ఇంటినుంచి ఆ బాటలో పరిగెత్తి పడి చెయ్యి విరగ్గొట్టుకోవడం, 'నా గడప తొక్కకు' అని బావ అనడం, అన్నీ అయి మూడేళ్ళు. అప్పట్నుంచి ఈ దర్జీ అల్లరి బొత్తాలతోనే. ముందు బావని అడుగు, ఎటెటు తిరుగుతున్నాడో!
నీ బుద్ధిమంతుడు

ఒరే బుద్ధిమంతుడా,
మీ బావ మంగళవారం మంగళవారం గడ్డికని వెళ్ళి వట్టి చేతులతో వస్తున్నారు. చెప్పులకి మలుపు దగ్గరి ఎర్రమట్టి. నాకూ గుబులుగానే ఉంది. ఇంకో సంగతి. కొన్ని రాళ్ళకి నీలం సుద్ద అంటుకుని ఉంది. గుడ్డలమీద గీసే సుద్ద కొండమీద ఎవరి దగ్గరుందిరా? నువ్వు నిజం చెప్పినా నమ్మలేని గతి పట్టించావు నాకు. అయినా చెప్పు.
అక్క

అక్కా,
దొరికిపోయా. ఆదివారం కొట్టు మూసి ఎక్కుతున్నా. మీ తలుపు కనబడగానే కాళ్ళు మొరాయిస్తాయి. రాయి వేసి దిగిపోతా. కానీ పోయిన నెలలో ఆదివారాలు ఐదు. నేను వేసినవి ఐదే. మిగతా నాలుగూ ఎవడివి? ఇది వేళాకోళం కాదు. బావని ఒంటరిగా పంపకు.
తమ్ముడు

ప్రియమైన పిరికివాడికి,
మొన్న మంగళవారం మీ బావ వెనకాలే వెళ్ళా. మలుపు దాటి దిగి, బండమీద కూర్చుని నీ ఊరివైపే చూస్తున్నారు. తిరిగి ఎక్కుతూ ఓ రాయి వేశారు. నన్ను చూసి ఉలిక్కిపడి, "ఆ పొగరుబోతు వస్తాడేమోనని! పిలవడానికి మాత్రం నేను దిగను" అన్నారు. మంగళవారమే ఎందుకంటే, "వాడి కొట్టుకి సెలవు కదే!" అన్నారు. నువ్వు సెలవు ఆదివారానికి మార్చి రెండేళ్ళయిందని నేనింకా చెప్పలేదు.
వచ్చే మంగళవారం కొట్టు మూసి రా. ఆయన ముందు నడుస్తారు, నువ్వు వెనకాల రా. చెప్పులు మాత్రం మా గడప బయటే విడువు. ఎర్రమట్టి తుడవడానికి నా చెయ్యి ఇంకా సరిగ్గా తిరగదు.
నీ అక్క