మల్లేశ్ ఫోల్డర్

గురువారం రాత్రి, తెల్లాపూర్

ఈ రోజు ఆఫీసులో మల్లేశ్‌ను కొట్టాను. పెదవి చిట్లి కీబోర్డు మీద రక్తం పడింది. నా చెయ్యి పడిపోను!

కోడ్‌లో తప్పులు పట్టే లింటర్ ఎవరికి ఎక్కువ తప్పులు చూపిస్తే వాళ్లు టీముకు సమోసాలు తేవాలని మా రివాజు. మూడు వారాలుగా మల్లేశే తెస్తున్నాడు. ఈ రోజు తేనన్నాడు.

"నా కోడ్ మంచిగనే ఉందన్నా. నీ లింటరే ఖరాబుంది."

"కోడ్ రాయడం రాదు గానీ నోరు మాత్రం లేస్తోంది" అని అందరి ముందూ నవ్వాను. కాలర్ పట్టుకున్నాడు. గుద్దేశాను.

అతను దవాఖానాకు వెళ్లాక, నాదే న్యాయమని రుజువు చేసుకోవడానికి అతని ఫోల్డర్ ఒక్కదాన్నే లింటర్‌కిచ్చాను. ఒక్క తప్పూ లేదు. నా ఫోల్డర్‌తో కలిపి ఇస్తే నలభై. ఒక్కో ఫోల్డర్‌కు రూల్స్ వేరు; వరసలో ముందున్న నా ఫోల్డర్ రూల్స్‌తోనే అది అతని కోడ్‌నూ కొలుస్తోంది. దాన్ని అలా పెట్టింది నేనే. ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్ రూల్సే చూసేలా మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

సాయంత్రం మల్లేశ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మూడు కుట్లు పడ్డయన్నా. ఏం తప్పు చేస్తే కొట్టిండ్రు డాడీ అని బిడ్డ అడుగుతుంది. ఏం చెప్పమంటవ్?"