పన్నెండు వందల పాత్‌లు

జూన్ 3, సోమవారం

ఈరోజు పదకొండు తప్పులు. ఆసుపత్రి పాత కేసు షీట్లన్నీ స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టారు. ఎక్సెల్‌లో ఒక్కో పేషెంట్ నంబరు పక్కన ఆ ఫైలు పాత్, అంటే సర్వర్‌లో అది ఉన్న చోటి చిరునామా, టైప్ చేయడం నా పని. పాత్ అంటే చాంతాడంత పొడుగు. డ్రైవు, అందులో ఫోల్డరు, దాంట్లో ఇంకో ఫోల్డరు. ఒక్క అండర్‌స్కోర్ మర్చిపోయినా ఫైలు తెరుచుకోదు.

మా రికార్డ్స్ ఆఫీసరును అందరం గడియారం సారు అంటాం. మాట్లాడినంతసేపూ వాచీయే చూస్తారు. శుక్రవారం పదింటికి ఎక్సెల్ షీటు తనే చెక్ చేస్తానన్నారు. బాగుంటే పర్మనెంట్ చేస్తారట, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారట. ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం ఇది. పోతే మళ్ళీ నాకెవరిస్తారు?

జూన్ 4

మెడ పట్టేసింది. పన్నెండు వందల్లో ఇంకా తొమ్మిది వందలున్నాయి.

జూన్ 5, మధ్యాహ్నం

వదిన స్కానింగ్ సెక్షన్‌లో చేస్తుంది. మా ఆయనకి అక్క, నాకు ఈ ఉద్యోగం చూసిపెట్టింది తనే. లంచ్‌కి పిలవడానికి వచ్చి, నా టైపింగు చూసి, ఇన్నాళ్ళూ ఇలాగే చేస్తున్నావుటే పిచ్చిమొహమా అని తల బాదుకుంది. ఫైళ్ళన్నీ సెలెక్ట్ చేసి, షిఫ్ట్ నొక్కిపట్టి రైట్ క్లిక్ చేసి, ‘కాపీ యాజ్ పాత్’ అన్నదాని మీద నొక్కింది. ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే రెండు వందల పాత్‌లు బిలబిలమంటూ పడ్డాయి! ఫోల్డరుకైనా ఇదే పద్ధతట.

పది రోజులు గానుగెద్దులా తిరిగాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూన్ 6

అయిపోయింది! సర్వర్ నత్తనడక నడుస్తోందని ఫోల్డర్లన్నీ నా డెస్క్‌టాప్ మీదికి తెచ్చుకుని, మొత్తం షీటు మళ్ళీ మొదటినుంచీ చేశాను. గంటన్నర పట్టింది. యాభై నొక్కి చూస్తే యాభైకి యాభై తెరుచుకున్నాయి. మిగతా పూటంతా కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను.

జూన్ 7, ఉదయం 11:20

బతికిపోయాను.

తొమ్మిదీ నలభైకి వదిన తన సిస్టమ్‌లో షీటు తెరిచింది. ఒక్క ఫైలూ రాలేదు. చూద్దును కదా, ప్రతి పాత్‌కీ మొదట్లో నా డెస్క్‌టాపే! ఆ ఫైళ్ళు నా కంప్యూటర్‌లో తప్ప లోకంలో ఎక్కడా తెరుచుకోవు. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు కంట్రోల్ హెచ్ నొక్కు అని వదిన కసిరింది. తెరుచుకున్న పెట్టెలో పై గడిలో నా డెస్క్‌టాప్ ముక్క, కింది గడిలో దాని బదులు రావాల్సిన సర్వర్ ముక్క పెట్టి ‘రీప్లేస్ ఆల్’ కొట్టాను. రెప్పపాటులో పన్నెండు వందలూ మారిపోయాయి.

పదింటికి గడియారం సారు తన సిస్టమ్‌లో నలభై ఫైళ్ళు తెరిచారు. నలభైకి నలభై వచ్చాయి. సోమవారం ఆర్డరు తీసుకోమన్నారు. జరిగిన భాగోతం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

జూన్ 8

నిన్న సాయంత్రం చెప్పులైనా విప్పకుండా మంచం మీద పడిపోయానట. తెల్లారేదాకా కదల్లేదట. అత్తయ్య రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట, ఊపిరి ఉందో లేదోనని.

ఉంది.