గడ్డకట్టిన షేర్వా

ఎమ్మిగనూరు, 1979 డిసెంబరు, శుక్రవారం

మగ్గం తొక్కి తొక్కి అరిగిన మోకాళ్ల కోసం, ఏనాడూ మాంసం ముట్టని అత్త మేక కాళ్ల షేర్వాకు ఎలాగో ఒప్పుకుంది. పరగడుపున తాగాలని పక్కింటి బీబమ్మ నిన్న సాయంత్రమే కాచి ఇచ్చింది. తెల్లారేసరికి అది పడుగుకు పెట్టే గంజిలా గడ్డకట్టింది. చెడిపోయిందనుకొని పెరట్లో పారబోశాను.

బీబమ్మ నెత్తి కొట్టుకుంది. "అట్ల పేరుకుంటేనే గదమ్మా కీళ్లకు బలం! వెచ్చజేసింటే కరిగిపోతాండె."

ఒక్కసారికే అంత బతిమాలించుకున్న మనిషిని మళ్లీ ఎలా ఒప్పించడం? మధ్యాహ్నమంతా ఇదే బెంగ. చివరికి జరిగింది చెప్పేశాను. అత్త తిట్టలేదు. ఒత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా అడిగింది: "మళ్లా ఎప్పుడు కాస్తాదంట ఆయమ్మ?"

ఇన్నేళ్లూ తన నొప్పిని తక్కువ చేసే చెప్పిందన్నమాట.