ఖైరూన్‌బీ గిన్నెలు ఖాళీ చేసిందెవరు

హైదరాబాదు,
ఆదివారం పొద్దున.

చిరంజీవి సుశీలకు,

హాస్టలు మూడో అంతస్తు నుంచి నీ అక్క విశాలాక్షి మనసారా దీవించి రాస్తున్నది. నువ్వూ, మరిదిగారూ, మీ అత్తగారూ ప్రొద్దుటూరు ఎండకు ఓర్చుకుని కులాసాగానే ఉన్నారనుకుంటాను. పులివెందులలో మీ అమ్మాయి పద్మ, పిల్లలు ఎట్లా ఉన్నారు? నేను క్షేమం. మొన్న బి.పి. చూపించుకుంటే బాగానే ఉందన్నారు. ఇంత కోపం లోపల పెట్టుకుని అది బాగానే ఎట్లా ఉందో ఆ డాక్టరుకే తెలియాలి.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటి అంటావు. నువ్వు ఫోను స్పీకరులో పెట్టి వంటింట్లో తిరుగుతావు. నేను ఇక్కడ దగ్గితే మీ వీధి చివర నుంచి మందు చెబుతారు. ఈ సంగతి నీ ఒక్కదానికే చెప్పాలి. పైగా కవరు తెచ్చి నీ చేతికిచ్చిన పిల్లవాడి గురించే ఇదంతా. పేరు కౌశిక్, ఊరు విజయవాడ పక్కన, నా క్లాసుమేటు. మజ్జిగ ఇచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టి, నువ్వు లోపలికి పోయి చదువుకో.

ముందు నా సంగతులు. ఇక్కడ హాస్టలు వంటమనిషి సాంబారులో చక్కెర వేస్తాడు. అడిగితే అందరికీ ఇష్టమే అన్నాడు. ఆ అందరూ ఎవరో ఇంతవరకు నాకు కనబడలేదు. కౌశిక్ తిరిగి వచ్చేటప్పుడు చెనక్కాయల పొడి, కాస్త ఎర్రకారం పంపించు. వాన పడితే రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి, పడకపోతే దుమ్ము. గదిలో నాతోపాటు ఇద్దరు ఆడపిల్లలు. మంచివాళ్లే, రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతారు. ఆదివారం సాయంత్రాలు మాత్రం కొంచెం కష్టం. ఆ పూట అందరికీ ఎవరో ఒకరు వస్తారు. నేను మేడమీదికి పోయి ఆరిన బట్టలు మడతపెట్టుకుంటాను. దిగులేమీ లేదు, నువ్వు దిగులు పడకు.

చేరిన కొత్తలో వాచ్‌మన్ రోజూ అడిగేవాడు, "ఏ అమ్మాయిని చూడ్డానికి వచ్చారమ్మా" అని. నేనే చదువుకోవడానికి వచ్చానయ్యా అంటే నవ్వేవాడు. ఈ వయసులో డాక్యుమెంటరీ సినిమాల చదువెందుకని నువ్వూ అడిగావు, మా అబ్బాయీ అడిగాడు. గండికోటకు కెమెరాలు భుజాన వేసుకుని వచ్చే పిల్లలు మన లోయ ముందు నిలబడి నోటికొచ్చిన చరిత్ర చెబుతుంటే, రిటైరైన సోషల్ టీచరును, ఎన్నాళ్లని చూస్తూ ఊరుకోను. తిట్టడం చేతనవును, తీయడం చేతకాదు. అందుకే వచ్చాను.

నేర్పేది బాగానే నేర్పుతున్నారు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగకూడదట. బడిలో ఇన్నేళ్లూ నేను అడిగినవన్నీ అట్లాంటి ప్రశ్నలే. ఎవరి ఇంట్లోనైనా మాటలు తీసిన తర్వాత, ఎవరూ కదలకుండా, ఊరికే ఆ గది చప్పుడును కాసేపు రికార్డు చేయాలి. అంతసేపు నోరు మూసుకోవడం మా సారు నాకు నేర్పాడు. మీ బావగారు బతికినన్నాళ్లూ నేర్పలేకపోయిన విద్య అది. కెమెరా బరువు మోయలేనని నాకు సౌండు అప్పగించారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కర్రకు కట్టిన మైకు. గోడ మీద బల్లిని కొట్టబోయే మనిషిలా ఉంటాను.

ఇక అసలు విషయం. బతుకుతెరువు కోసం దూరం పోయినవాళ్ల ఇళ్ల గురించి మా జట్టు ఒక చిన్న సినిమా తీయాలి. అది చూసే మాకు సర్టిఫికెట్లిస్తారు. కౌశిక్ డైరెక్టరు, తేజస్విని అనే పిల్ల కెమెరా, నేను సౌండు, ఇంకో ఇద్దరు చేతికి సాయం. ఎవరింట్లో తీద్దామంటే నేనే నోరు జారి మా జమ్మలమడుగు పక్కింటి ఖైరూన్‌బీ పేరు చెప్పాను. నీకు తెలుసు, పద్మ పెళ్లినాడు తెల్లవారే వచ్చి పూలు కట్టిన మనిషి. వాళ్లాయన మస్తాన్ కువైట్‌లో ఒక ఇంటికి కారు డ్రైవరు. అడిగితే మొదట ఒప్పుకోలేదు.

"నా మొగమేంది, సినిమా ఏంది టీచరమ్మా? మీరుంటారా? మీరుంటే సరే," అంది.

ఉంటానన్నాను. ఆమెకు చిన్నతనమయ్యేది ఏదీ తెర మీదికి రానివ్వనని మాటిచ్చాను. ఆ మాటకే ఇప్పుడు ఎసరొచ్చింది.

మేము జమ్మలమడుగు పోయింది నీకు తెలుసు. ప్రొద్దుటూరు మీదుగా పోయి కూడా ఇంటికి రాలేదని అలిగావని పద్మ చెప్పింది. ఏం చేయను, డైరెక్టరు ఆపితేనే వ్యాను ఆగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు, చుట్టైనా సరే పులివెందుల మీదుగా పోదాం, అక్కడ ఏమైనా జరుగుతుందేమో అన్నాడు. జరిగింది. అరటిగెలల లారీ వెనక గంటసేపు ఇరుక్కున్నాం.

ఖైరూన్ ఇంట్లో మేము పోయేసరికి వంటంతా సిద్ధం. సంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు. నేను మాంసం ముట్టనని నాకు వేరే పొయ్యి మీద, వేరే చిన్న గిన్నెలో గుత్తివంకాయ. కౌశిక్‌కు ఆమె వడ్డిస్తుంటే తీయాలనిపించింది. తేజస్విని కెమెరా వెనక నిలబడితే, మిగతా అందరం వరుసగా కూర్చున్నాం. మైకును కిటికీ ఊచకు కట్టాను. ఆమె సంగటి వేసి పులుసు పోసింది.

"ఇంకోసారి అండీ, లైటు సరిపోలేదు," అన్నాడు.

ఆమె అందరి కంచాల్లోనూ ఇంకో ముద్ద వేసింది.

"నిజంగా వేయక్కర్లేదండీ. ఊరికే వేసినట్టు చేస్తే చాలు."

ఆమె గరిటె అట్లాగే పట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ఊరికే ఏసినట్టు ఎట్ల ఏస్తారప్పా? ఏసినాంక తినాల."

"తర్వాత గిన్నెలోకి తీసేయొచ్చు కదండీ."

"కంచంలో పెట్టింది మళ్లా తీసుకుంటారా మీ పక్క?"

నేను నవ్వు ఆపుకుని, "తినప్పా, నువ్వడిగిందే కదా," అన్నాను. అతనికి లైటు సరిపోయేలోగా మా కడుపులు పట్టనంతగా నిండాయి, ఆమె గిన్నెలు అడుగంటాయి. చివరి ముద్ద కౌశిక్ కంచంలోనే పడింది. లేవడానికి తేజస్విని చెయ్యి పట్టుకున్నాడు. మేము చేతులు కడుక్కునేలోగా తేజస్విని, కిటికీలోంచి వెలుగు బాగా పడుతోందని, పొయ్యి పక్కన ఉన్న ఆ ఖాళీ గిన్నెలను తీసింది. బాగుందిలే అనుకున్నాను. నా బుద్ధికి అంతకుమించి తట్టలేదు.

ఆ తర్వాత ఖైరూన్ మాట్లాడింది. నేను హెడ్‌ఫోన్లలో విన్నాను కనుక అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. "ఆయప్ప పంపిస్తానే ఉండాడు. తిండికి, గుడ్డకు మాకేం తక్కువ లేదు. ఆయప్ప ఈడ లేడు, అదే తక్కువ." అని, వీధిలో గ్యాసు బండి వచ్చిన చప్పుడైతే వాకిలి వైపు చూసింది.

మొన్న మంగళవారం ఎడిటింగు గదిలో కూర్చోబెట్టి కౌశిక్ సినిమా చూపించాడు. పొయ్యి ఆరి ఉంది. ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ గిన్నెలు. ఎక్కడినుంచో పిల్లనగ్రోవి ఏడుస్తున్నది. ఖైరూన్ వాకిలి వైపు చూస్తున్నది. తర్వాత ఆమె గొంతు, "ఆయప్ప ఈడ లేడు." అంతే. తిండికి తక్కువ లేదన్న మాట కత్తెరకు పోయింది. వడ్డించింది పోయింది. మేము తిన్నదీ పోయింది. ఆ గ్యాసు బండి మొగుడి కోసం ఎదురుచూపైంది. అన్నిటికన్నా దగ్గరగా, తెర నిండా చూపించిన చిన్న గిన్నె ఉందే, అది నాది. గుత్తివంకాయ గిన్నె. దాన్ని ఆఖరి మసాలా దాకా ఊడ్చి తిన్నది నేను. చూసినవాళ్లు అయ్యో పాపం అంటారట.

పైగా ఆమె మాట్లాడుతుంటే కింద తెలుగులో అక్షరాలు వేశాడు. తెలుగు మాటకు తెలుగు అక్షరాలెందుకని అడిగితే, "మా వైపు వాళ్లకి అర్థం కాదు కదండీ," అన్నాడు. మీ వైపు సినిమాలు ఇన్నేళ్లూ మేము ఏ అక్షరాలూ లేకుండానే చూశాం కదప్పా అన్నాను.

కోపమొస్తే నేను నేరుగా మన మాటలోకి దిగుతానని నీకు తెలుసు. "ఏంది ఇది?" అన్నాను.

"అమ్మమ్మగారూ, గిన్నెలు ఖాళీగా ఉన్నాయా లేవా? లేనిదేమీ చూపించలేదుగా."

"ఖాళీ చేసింది ఎవురు?"

"అది ఆడియన్సుకి అనవసరం అండీ."

"నాకు అవసరం. నువ్వు నాలుగుసార్లు వడ్డించుకుని తింటివి. తిన్నాంక ఆ గిన్నెలు చూపించి ఆమె పస్తుండాదని చెప్తాండావు. మా ఊర్లో దీన్ని ఎడిటింగు అనరు."

మా సారు వచ్చాడు. మా అబ్బాయి కంటే చిన్నవాడు, గడ్డం మాత్రం పెద్దది. రెండు పక్షాలూ విని, "మేడమ్, డాక్యుమెంటరీలో జరిగింది వేరు, సత్యం వేరు," అన్నాడు. ఆ రెండూ పక్కపక్కన కూర్చుని భోంచేశాయి సార్, నేను ఆ పంక్తిలోనే ఉన్నాను అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు, డైరెక్టరుదే చివరి మాట అని వెళ్లిపోయాడు.

సుశీలా, నాకు మండింది సినిమా బాగాలేదని కాదు. మస్తాన్ ప్రతి శుక్రవారం వీడియోలో మాట్లాడతాడు. పిల్లలు ఎట్లున్నారని అడిగి, "ఈ పొద్దు ఏం చేసినావు, చూపీ," అంటాడు. ఈమె ఫోను గిన్నెల మీదికి తిప్పుతుంది. అక్కడ అతను తెచ్చుకున్న రొట్టె తింటూ ఇక్కడి గిన్నెను కళ్లారా చూసుకుంటాడు. అట్లా ఎన్ని శుక్రవారాలు గడిచాయో. ఈ సినిమా ఫోన్లలో తిరిగి రేపు అతని గదిలోకి పోతే, ఆ గదిలో ఉండే మనవాళ్లంతా చూస్తే, ఆ మనిషి తల యాడ పెట్టుకోవాలి? ఎండలో కారు తోలి పంపిందంతా ఏమైందని ఈమెను అడగడా? నేను మాటిచ్చింది ఆ ఇంటికి.

మర్నాడు తేజస్వినిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ పిల్లకూ మనసు ఒప్పలేదట, డైరెక్టరని ఊరుకుందట. కిటికీకి కట్టిన మైకు మేము తిన్నంతసేపూ పనిచేస్తూనే ఉంది. ఒక్క బొమ్మ కూడా మార్చలేదు. అవే ఖాళీ గిన్నెలు. పిల్లనగ్రోవి తీసేసి ఆ భోజనం చప్పుడు పెట్టాం. తెర మీద గిన్నె ఖాళీ. వెనక నుంచి ఖైరూన్, "ఇంగొంచెం ఏసుకోండప్పా, ఏం తిండప్పా మీది, పిచ్చికలు మేలు," అంటుంటే, కౌశిక్ గొంతు, "వద్దండీ, చాలండీ, ఇక పట్టదండీ," అంటుంది. తర్వాత ఆమె మాట మొత్తం, తక్కువ లేదన్నదీ, అదే తక్కువన్నదీ. నిజం చెబుతున్నాను, క్లాసులో వేసి చూపిస్తే, అంతసేపూ నవ్వినవాళ్లు ఆ చివరి మాట దగ్గర చప్పున ఆగారు. పిల్లనగ్రోవి ఎంత ఏడ్చినా ఆ పని చేయలేకపోయింది.

కౌశిక్ మాత్రం తన సినిమాను కామెడీ చేశానని నాతో మాట మానేశాడు. చెడ్డవాడు కాదులే. ఆకలి గురించి చెబితే గొప్ప సినిమా అవుతుందని ఎవరో అతని చెవిలో వేశారు. ఆకలి లేని ఇంట్లో కూడా అదే వెతికాడు.

నేను సారు దగ్గరికి పోయి ఒకటే అడిగాను. ఏది చూపించాలో ఖైరూన్‌బీ చెప్పాలి. ఆమె రెండూ వద్దంటే రెండూ వద్దు. "అప్పుడు మీ జట్టుకి సర్టిఫికెట్లు రావు మేడమ్," అన్నాడు. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల్ని ఫెయిల్ చేశాను సార్, నేను ఒకసారి ఫెయిలైతే ఏం కొంప మునగదు అన్నాను. తేజస్విని కూడా సరేనంది. చివరికి కౌశికే లేచి, "నేనే వెళ్లి చూపిస్తాను. ఆవిడకి నాదే నచ్చుతుంది చూడండి," అన్నాడు. నా మోకాలికి బస్సు ప్రయాణం పడదు, అందుకే నేను రాలేదు. ఖైరూన్‌కు ఫోనూ చేయలేదు. నేను నోరు తెరిస్తే, టీచరమ్మ ఏదంటే అదే అంటుంది. అది ఆమె మాట కాదు, నాదవుతుంది.

కాబట్టి రేపు పొద్దున నువ్వు అతన్ని వెంటబెట్టుకుని జమ్మలమడుగు పో. రెండు సినిమాలూ అతని దగ్గర పెన్‌డ్రైవులో ఉన్నాయి, ఖైరూన్ టీవీకి పెడితే వస్తుంది. ఏది ఎవరిదో నువ్వు చెప్పకు, అతనూ చెప్పడు. మాట తీసుకున్నాను. ఆమె పక్కన నువ్వు కూర్చోకు, అతన్నే కూర్చోనివ్వు.

ఇంకొక్కటి. మీరు గడప దాటగానే ఆమె పొయ్యి వెలిగిస్తుంది. ఎట్లాగైనా ఆపు. చూసిన తర్వాతే భోజనం. ముందే పెట్టిందంటే, ఇంట్లో తిన్న పిల్లవాణ్ణి ఒక్క మాట అనలేదు, శానా బాగుండాదప్పా అని పంపేస్తుంది.

మీ అత్తగారి పాదాలకు నా నమస్కారం చెప్పు. ఆవిడ దీవెన ఈసారి గట్టిగా కావాలి, పాసు కావాలని కాదు, ఆ ఇంటి ముందు మళ్లీ తలెత్తుకుని నడవాలని. మరిదిగారికి ఆశీస్సులు, పద్మకూ పిల్లలకూ ముద్దులు.

చూసిన తర్వాత ఖైరూన్ తిట్టినా, తిట్టకున్నా, అతనికి అన్నం పెడుతుంది. అందులో నాకు అనుమానం లేదు. ఆ అన్నం అతను ఎట్లా తిన్నాడో దగ్గరుండి చూసి, నాకు రాయి.

ఇట్లు,
నీ క్షేమం కోరే అక్క,
విశాలాక్షి