తిన్నగా చూస్తే చుక్క

గుడివాడ

పెడనలోని అక్కకు నమస్కారాలు. నా ఫోను ఇంజనాయిలు ట్రేలో పడింది. మోగకపోతే కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను.

కొండలరావు గారి కారుకి కొత్త క్యామ్‌షాఫ్ట్ వేశాక ఇంజను ఒకటే వణుకు. వాళ్ళావిడని ఆస్పత్రికి తిప్పే బండి అది. షాఫ్టే మంచిది కాదేమో అన్నారు మా షెడ్డు మేస్త్రిగారు. చిన్నప్పుడు నాకు కలంకారీ అచ్చు నేర్పుతూ నువ్వన్న మాట గుర్తొచ్చింది: “పక్కనుంచి చూస్తే అచ్చు మూల చుక్కలు కలిసినట్టే ఉంటాయిరా, తిన్నగా చూడు.” అలాగే చూశాను. పళ్ళచక్రం మీది టైమింగ్ గుర్తు ఒక పన్ను పక్కకి ఉంది. సరిచేస్తే వణుకు పోయింది.

బావ మాత్రలు వేసుకుంటున్నాడా? నీ అచ్చులు పక్కకి జరుగుతున్నాయని షావుకారు కసిరాడట. బాధపడకు. ఆదివారం వస్తాను, బందరులో కళ్ళ డాక్టరుకి చూపిద్దాం. తిన్నగా చూసినా చుక్క కనబడకపోతే, అది నీ చేతి తప్పెలా అవుతుంది అక్కా?

పిల్లలకు ముద్దులు.
నీ తమ్ముడు
ఫణీంద్ర