క్రోటన్ మొక్కల నీళ్లు

బొల్లిగుట్ట గ్రామం,
దేవరకొండ తాలూకా, నల్లగొండ జిల్లా.
తేది 12-4-1967

విదేశీ యాత్రికుల వసతుల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, బొల్లిగుట్ట యాత్రికుల బంగళా చౌకీదారు జక్కలి భిక్షం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అతిథుల నీళ్లు దొంగిలించినానని ఇచ్చిన మెమోకు సంజాయిషీ, విదేశీ యాత్రికులు ఏమి కోరుచున్నారని తమరు పంపిన ప్రశ్నకు జవాబు, రోజుకు రెండు చెంబుల నీళ్లకు అనుమతి గురించి.

ఒకే వారంలో నాకు రెండు కాగితాలు అందినవి. ఒకటి మా సూపర్వైజరు గారి మెమో. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వనిచో ఉద్యోగం పోవునని అందులో ఉన్నది. రెండవది తమ కచేరీ సర్క్యులరు. ఇది యాత్రికుల సంవత్సరమనియు, విదేశీయులు విరివిగా రావలెననియు, వారికి ఏమి కావలెనో ప్రతి బంగళా నుండి తెలుపవలెననియు అందులో ఉన్నది. రెంటికీ జవాబు ఒకటే గనుక ఒకే అర్జీ వ్రాయుచున్నాను. సూపర్వైజరు గారి ద్వారా పంపితే ఇది తమ దాకా రాదు. అందువల్ల నేరుగా పంపుచున్నాను. ఇది కూడ తప్పే అయినచో మెమోలో కలుపుకొనగలరు.

1. విదేశీ యాత్రికులు నిజముగా కోరునది ఏమి అని మొదటి ప్రశ్న. ఆరేళ్లుగా ఈ బంగళాకు వచ్చిన ప్రతి దొరకూ, దొరసానికీ తలుపు తీసినవాడను నేనొక్కడనే గనుక చెప్పుటకు సాహసించుచున్నాను. మనవారు అనుకొన్నవి: పూలదండలు, నకిరేకల్ నుండి బ్యాండు మేళం, గుట్టమీది కోట గురించి గంటసేపు ఉపన్యాసం. దండ మెడలో పడగానే ఒక దొరసాని తుమ్మి తుమ్మి, కళ్లు వాచి పడుకొన్నది. బ్యాండు మొదలుకాగానే ఒక దొర చెవులు మూసుకొన్నాడు. వారు అడిగినవి వేరు. స్నానాల గది తలుపుకు లోపల గొళ్లెం కావలెనన్నారు. మూడుసార్లు వ్రాసినాను, రాలేదు. వెంట ఇరవై మంది నడవవద్దన్నారు. జొన్నలు చెరుగుతున్న ఆడమనిషిని ఎవరూ అడ్డం నిలవకుండ కాసేపు చూడనియ్యమన్నారు. ఒక ముసలి దొరసాని నా పేరు అడిగినది. ఆరేళ్లలో నా పేరడిగినది ఆమె ఒక్కతే.

ఇవన్నీ ఒక ఎత్తు. జీపు దిగగానే అందరూ అడిగే మొదటి మాట ఒక ఎత్తు. ఈ నీళ్లు తాగవచ్చునా? అయ్యా, ఆ విషయమందు వారికీ మాకూ భేదము లేదు. మేమూ అదే అడుగుచున్నాము.

2. మా ఊరికి ఒకటే బావి. నీళ్లు తేటగా ఉంటవి, రుచిగానే ఉంటవి. ఎండకాలంలో కూడ ఎండదు, అదే మా ఖర్మ. ఆ నీళ్లు తాగి మా ఊరిలో ఎముకలు బిగుసుకొనిపోవును. నలభై దాటినవారిలో తలెత్తి ఆకాశం చూడగలవారు తక్కువ. నా భార్య నర్సింగమ్మ నడుము వంగి పన్నెండేళ్లయినది. ఆమె నా ముఖం చూడవలెనంటే నేను నేలమీద కూర్చోవలెను.

3. అతిథులు వచ్చు దినమున వంకర శరీరముల వారు బాట పక్క కనబడరాదని సూపర్వైజరు గారి ఉత్తరువు. నోటి ఉత్తరువు గనుక నా దగ్గర కాగితం లేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పువాడను నేనే. మొదట నా ఇంటికే చెప్పవలెను.

"ఎవలొస్తుండ్రు?" అని అడుగును నర్సింగమ్మ.

"దొరలు."

"అయితే నేను లోపలికి పోవాల్నా?"

"జరసేపు పో. జీపు పోయినంక పిలుస్త."

ఒకసారి పిలుచుట మరచిపోయినాను. పొద్దుగూకి ఇంటికి పోతే తలుపు వేసుకొని అట్లనే కూర్చుండి ఉన్నది. "నువ్వు పిలువకపోతివి గదా" అన్నది. కోపంగా కూడ అనలేదు. ఆమె తిట్టినా బాగుండేది.

4. పోయిన సంవత్సరం జనవరిలో ఒక డాక్టరు దొర వచ్చినాడు. అతడు గుట్ట ఎక్కలేదు. నా కొడుకు బిడ్డలిద్దరు నాకు సద్ది తెచ్చి బంగళా వెనుక నిలబడి ఉండగా చూచినాడు. పెద్దది ఉప్పలమ్మ, అప్పటికి ఎనిమిదేళ్లు. నిలబడితే దాని మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగులును, పాదాలు దూరంగా పోవును. చిన్నది పుష్పమ్మ, రెండేళ్లది. దొర ఇస్త్రీ ప్యాంటుతోనే మట్టిలో చతికిలబడి పెద్దదాని మోకాళ్లు తడిమినాడు, పండ్లు చూచినాడు. తరువాత చిన్నదాని కాళ్లు తడిమి నవ్వినాడు. పట్నం నుండి వచ్చిన డ్రైవరు నాతో, "పెద్దాయనా, మీరు ఏ నీళ్లు తాగుతరని దొర అడుగుతుండు" అన్నాడు. "గా బాయి నీళ్లే" అన్నాను. దొర తన సోడా సీసా పారబోసి, అందులో మా బావి నీళ్లు నింపుకొని, మూత బిగించుకొని పోయినాడు. మన దేశం నుండి ఆయన తీసుకొనిపోయిన వస్తువు నేను చూచినంతలో అదొక్కటే.

5. మూడు నెలలకు బంగళా పేర ఆయన ఉత్తరం వచ్చినది. బడి పంతులు బాలయ్య గారు చదివి చెప్పినారు. ఈ నీళ్లలో ఫ్లోరైడు అనే పదార్థం మితిమీరి ఉన్నదట. వంగిన ఎముకలు మరల తిన్నగా కావట. వంగని పిల్లలకు ఇప్పటినుండి వేరే నీళ్లు తాగించినచో వంగవట. దయచేసి ఆ పని చేయవలెనని ఆయన రెండుసార్లు వ్రాసినాడు. నేను బంగళా వరండాలో కూలబడి ఏడ్చినాను. ఎవరో మా గురించి దేశం కాని దేశంలో కూర్చుండి ఆలోచించినారని ఏడ్చినాను.

ఉత్తరం సూపర్వైజరు గారికి ఇచ్చినాను. వారు దానిమీద ఎర్రసిరాతో ఇట్లు వ్రాసినారు: "బంగళా నీళ్లపై విదేశీ అతిథి ఫిర్యాదు. తక్షణం చర్య." చర్య జరిగినది. డిండి వైపున ఏడు మైళ్ల దూరం నుండి ఏసోబు ఎడ్లబండి మీద వారానికి రెండుసార్లు ఇనుప పీపాలో మంచినీళ్లు తెచ్చుట మొదలైనది. బంగళా అతిథులకు మాత్రమే. ఫిర్యాదు పరిష్కరింపబడినదని ఫైలు మూసినారు.

ఊరివారు ఆ ఏడు మైళ్లు పోయి తెచ్చుకొనవచ్చు గదా అని సూపర్వైజరు గారు సెలవిచ్చినారు. అయ్యా, నడవగలవారికి ఆ నీళ్ల విలువ ఇంకా తెలియదు. తెలిసినవారు నడవలేరు.

6. ఈ పదకొండు నెలలలో వచ్చిన అతిథులు అయిదుగురు. మూడు దినములు నిలువ ఉన్న నీళ్లు అతిథులకు ఇయ్యరాదని, వాటిని ముందరి క్రోటన్ మొక్కలకు పోసి రిజిస్టరులో వ్రాయవలెనని నియమం. పోసినట్లు ఏసోబు వేలిముద్ర వేయవలెను. మొదటి నాలుగు నెలలు నేను చుక్క ముట్టలేదు. పీపా పీపా క్రోటన్లకు పోసినాను. నియమమంటే నాకు అంత భయం. మెమోలో వ్రాయవలసిన నేరం అది. ఆ నాలుగు నెలల గురించి నన్ను ఎవరూ సంజాయిషీ అడుగలేదు.

ఒకనాడు ఏసోబే అన్నాడు: "భిక్షం తాతా, నీకేమన్న బుద్ధి ఉన్నదా? గీ చెట్లకు కాళ్లున్నయా వంగనీకి?"

ఆ మరునాటి నుండి రోజుకు ఒక చెంబు తీసినాను. రెండు తీయలేదు. పీపాలో నీళ్లు బద్దతో కొలువవలెను. ఒక చెంబు తగ్గితే ఎండకు ఇగిరినదని వ్రాయవచ్చు. రెండు చెంబులు ఇగిరినవంటే ఎవరూ నమ్మరు.

7. చెంబు ఒకటి, పిల్లలు ఇద్దరు. సగం సగం పోయవచ్చునా అని పంతులు గారిని అడిగితే, అప్పుడు ఇద్దరూ మిగిలిన సగం బావి నీళ్లే తాగుదురు గదా అన్నారు. పెద్దదాని కాళ్లు ఎట్లాగూ తిన్నగా కావని దొర వ్రాసినాడు. కనుక చిన్నదానికే పోసినాను. మొదటి రోజు పెద్దది కూడ గ్లాసు తెచ్చుకొని నిలబడినది.

"నీకు గాదు బిడ్డా" అన్నాను.

"నాకెందుకు గాదు తాతా?"

మెమోకు జవాబు వ్రాయుచున్నాను గాని దానికి జవాబు చెప్పలేదు. తరువాత అది గ్లాసు తేలేదు. చెల్లెలికి తాగించుటకు చెంబు అదే పట్టుకొనేది. ఏడు నెలలు అట్లనే పట్టుకొన్నది.

8. ఈ నెల మూడవ తేదీన సూపర్వైజరు గారు చెప్పకుండా తనిఖీకి వచ్చి, చిన్నది వెనుక మెట్ల మీద తాగుతుండగా చూచినారు.

"ఈ నీళ్లు ఎవరివి భిక్షం?"

"దొరలయి సార్."

"తాగుతున్నదెవరు?"

"నా మనుమరాలు."

"అదేమైనా దొరసానా?"

దొంగతనం చేసినది నిజం. మెమోలో ఉన్నదంతా నిజమే. అందువల్ల సంజాయిషీ అడిగినచో నా దగ్గర లేదు. ఉన్నది మనవి మాత్రమే.

అ) రోజుకు రెండు చెంబుల నీళ్లకు అనుమతి ఇప్పించవలెను. రెండవది పెద్దదానికి. దానివల్ల కాళ్లు బాగుపడవని నాకు తెలుసు. అయినా ఇప్పించవలెను.

ఆ) మొక్కలకు పోయు నీళ్లు ఊరిలో కాళ్లు ఇంకా తిన్నగా ఉన్న పిల్లలకు ఇప్పించవలెను. అటువంటివారు పదకొండుగురు ఉన్నారు. పేర్లు వెనుక పుటలో వ్రాసినాను. జాగు చేసినచో ఆ పట్టీ తనంతట తానే చిన్నదగును.

ఇ) నియమం మార్చుటకు వీలులేనిచో ఆ పదకొండుగురి పేర్లు అతిథుల రిజిస్టరులో వ్రాయుటకు నాకు సెలవియ్యవలెను. అప్పుడు నియమం ప్రకారమే తాగుదురు. దేశం అను గడిలో ఏమి వ్రాయవలెనో మాత్రం నాకు తోచలేదు. తమరే తెలుపవలెను.

ఈ) స్నానాల గదికి గొళ్లెం.

నా ఉద్యోగం తీసివేసినచో తీసివేయవచ్చును. వచ్చే చౌకీదారుకైనా చెంబు సంగతి చెప్పి పెట్టవలెనని ప్రార్థన. ఇందులో మర్యాద తప్పిన మాట ఏదైనా ఉన్నచో అది నా చదువు లోపమని, ఉర్దూలో నాలుగు జమాతులు చదివి తెలుగు తరువాత నేర్చుకొన్నవాడనని తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జక్కలి భిక్షం
చౌకీదారు

మళ్ల రాసేది: మూడో తారీఖు నాడే పీపాకు తాళం పడ్డది, చెవి సూపర్వైజరు గారి దగ్గర ఉన్నది. అప్పటి నుండి పిల్లలిద్దరు ఒకటే కుండలోని బాయి నీళ్లు తాగుతుండ్రు. మొన్న పొద్దున పెద్దది తన గ్లాసు ముంచి తాగి, చెల్లెకు ముంచి ఇచ్చి, నా దిక్కు చూసి అన్నది: "తాతా, గిప్పుడు నేను, చెల్లె ఒక్కతీరే గదా." అని నవ్వింది. ఏడు నెలలైంది అది నవ్వంగ చూసి. అయ్యా, ఆ నవ్వు నేను ఓర్వలేను. తాళంచెవి పంపుండ్రి.